పోపు పెట్టని ఎండాకాలం

న్యూజిలాండ్‌లో ఎండాకాలం జనవరిలో వస్తుంది. ఆ వింతకు నేను వచ్చిన కొత్తలోనే అలవాటుపడిపోయాను. కానీ పోయిన ఎండాకాలం, గురువారం నుంచి ఆదివారం దాకా మా వంటింట్లో పోపు పెట్టకూడదని సాటి తెలుగువాడొకాయన వచ్చి చెప్పిన వింతకు మాత్రం ఇప్పటికీ అలవాటుపడలేదు. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఆ మంట చల్లారకముందే చెప్పేస్తాను.

ఆ పెద్దమనిషి మా ఇంటి ఓనరు శేషయ్యగారు. భీమవరం వైపువారు. ఆయనుండేది ఆక్లాండ్ శివారు ఫ్లాట్ బుష్‌లో, మిలమిల మెరిసే కొత్త ఇంట్లో. పాపటోయిటోయిలో మేము అద్దెకుంటున్న పాత చెక్క ఇల్లు కూడా ఆయనదే. కొత్త సంవత్సరం వచ్చిన వారంలోనే డెబ్రా అనే ఏజెంటును వెంటబెట్టుకుని వచ్చారు.

"ఇల్లు అమ్మేస్తున్నాం బాబూ," అన్నారు మా ఆయన వినీత్‌తో, సోఫా అంచు మీద కూర్చుని. "ఫిబ్రవరి ఆఖర్లో ఆక్షన్, అదే వేలం. అప్పటిదాకా ప్రతి ఆదివారం ఓపెన్ హోం ఉంటుంది."

ఓపెన్ హోం అంటే, ఆదివారం మధ్యాహ్నం అరగంటసేపు తలుపులు బార్లా తెరిచిపెడతారు. దారినపోయే దానయ్యతో సహా ఎవరైనా వచ్చి, పడకగది నుంచి బాత్రూం దాకా తిరిగి చూసి పోవచ్చు. ఉంటున్న మనం మాత్రం ఆ అరగంటా ఎక్కడికైనా పోవాలి.

"మరి మా సంగతేంది అంకుల్?" అన్నాడు వినీత్.

"కొన్నవాళ్ళు మిమ్మల్నే ఉంచుకుంటారేమో చూద్దాం. లేదనుకో, నా రిఫరెన్స్ ఉండనే ఉందిగా. ఆక్లాండ్‌లో రిఫరెన్స్ లేకపోతే కోళ్ళ గూడు కూడా అద్దెకివ్వరు, నీకు తెలీందేముంది." ఆయన గొంతు తగ్గించారు. "ఒక్కటే మాట బాబూ. గురువారం నుంచీ వంట దగ్గర కాస్త చూసుకోండి. పోపులూ, వేపుళ్ళూ, మసాలాలూ వద్దు. కివీలకి, అదే ఇక్కడి తెల్లోళ్ళకి, ఆ వాసన పడదు. రేటు పడిపోద్ది."

నేను డెబ్రా వైపు చూశాను. ఆవిడ కిటికీ అద్దాలు లెక్కచూసుకుంటోంది. వాసన గురించి ఆవిడ ఒక్క ముక్క కూడా అనలేదు. ఆ సంగతి అప్పుడే గమనించాను.

వినీత్ నోట్లో వేలు పెడితే కొరకలేని రకం. ఎయిర్‌పోర్ట్ దగ్గర వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు, రోజుకు పదిమందికి సారీ చెబుతాడు. "సరే అంకుల్," అన్నాడు. అన్నవాడు అనేశాడు. వంటింట్లోంచి మా అత్తమ్మ తొంగిచూసింది.

"ఏమంటుండు బిడ్డా ఆ సారు?"

"గురువారం నుంచి పోపు పెట్టద్దంట అత్తమ్మా."

"ఎందుకు, ఆయనకేమన్న మొక్కున్నదా?" అంది అత్తమ్మ.

మా అత్తమ్మ పేరు కొమురమ్మ. జగిత్యాల దగ్గర పల్లె. మామ వీరేశం పోయాక ఒక్కతే ఉండలేకపోతోందని మేమే నవంబరులో తెప్పించుకున్నాం. విమానం దిగిన రోజున, ఇక్కడ డెయిరీ అని పిలిచే వీధి కొట్టులోకి చెప్పుల్లేకుండా వచ్చి పాలు కొనుక్కుపోతున్న ఒక తెల్లాయనను చూసి, "పాపం, చెప్పులకు కూడ గతిలేనోళ్ళు ఈడ కూడ ఉన్నరు," అని జాలిపడింది. ఆయన బయటికొచ్చి మా కారు కన్నా పెద్ద కారెక్కాక గానీ ఆ జాలి తగ్గలేదు.

మొదటి గురువారం పప్పు ఉడకబెట్టి, ఉప్పేసి, అలాగే దించేశాను. అత్తమ్మ ఒక ముద్ద తిని, కంచం పక్కకు జరిపింది.

"ఇది ఆస్పత్రి కూడు. నాకేం రోగం రాలే."

శనివారం డెబ్రా వచ్చి ఇల్లు సర్దింది. సర్దడమంటే మమ్మల్ని ఇంట్లోంచి మాయం చెయ్యడం. బియ్యం బస్తా గరాజ్‌లోకి పోయింది. కుక్కరు మంచం కిందికి పోయింది. గడప మీది పసుపును తడిగుడ్డతో తుడిచేసింది. మా సామాను ఉన్నచోట తెల్ల దుప్పట్లూ, తెల్ల పూలూ, ఎవరూ చదవని లావు పుస్తకాలూ వచ్చి కూర్చున్నాయి. వంటింటి బల్ల మీద పెద్ద గాజు గిన్నె పెట్టి, దాన్నిండా పచ్చటి నిమ్మపళ్ళు పోసింది. అవి కనబడితే ఇల్లు తాజాగా ఉన్నట్టుంటుందట.

ఆ మర్నాడు అరగంటకని బయటికి పోయి తిరిగొచ్చేసరికి అత్తమ్మ దేవుళ్ళు కనబడలేదు. కొండగట్టు అంజన్న, ఎల్లమ్మ, వాళ్ళ పక్కన మామ ఫొటో, ముగ్గురూ వాషింగ్ మెషీన్ పక్కన, సబ్బుల అరలో ఒకరి మీద ఒకరు పడుకుని ఉన్నారు. అత్తమ్మ ముగ్గురినీ కొంగుతో తుడిచింది. తర్వాతి ఆదివారం నుంచి మేము కారెక్కితే వాళ్ళు కూడా ఎక్కేవారు. వెనక సీట్లో అత్తమ్మ పక్కన, బెల్టు పెట్టుకుని.

నిమ్మపళ్ళ సంగతి మంగళవారం బయటపడింది. పని నుంచి వచ్చేసరికి గిన్నె ఖాళీ. అత్తమ్మ వంటింట్లో కింద కూర్చుని, జాడీ మూతికి గుడ్డ కడుతోంది.

"అత్తమ్మా, నిమ్మకాయలేవి?"

"తొక్కు పెట్టిన. ఉప్పు, పసుపు కలిపి పెట్టిన, రేపు బుధవారమేనాయె, కారం వేసి పోపు పెడత. మంచిగున్నయి బిడ్డా, తోలు పల్చగ."

"అయ్యో, అవి డెబ్రావి!"

"ఆమెయే. నేనేమన్న దొంగతనం చేసిన్నా? మనింటికొచ్చుకుంట ఉత్త చేతులతోటి రాలే. గంప నిండ పండ్లు తెచ్చింది. పాడైపోవునా మరి?"

ఎవరింటికైనా పోతే నాలుగు పండ్లు పట్టుకెళ్ళడం అత్తమ్మకు తెలిసిన మర్యాద. చూడ్డానికి మాత్రమే పండ్లు పెట్టే ఇల్లు ఉంటుందని ఆవిడకెలా తెలుస్తుంది? ఆదివారం డెబ్రా వచ్చి ఖాళీ గిన్నె చూసి గుడ్లు తేలేసింది. అత్తమ్మ చిన్న సీసా నిండా తొక్కు పెట్టి ఆవిడ చేతిలో పెట్టింది. వినీత్ సారీలు చెప్పలేక చచ్చాడు. డెబ్రా మూత తీసి వాసన చూసి, వేలితో తీసి నాకి, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని, సీసాను హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. మళ్ళీ వారం ప్లాస్టిక్ నిమ్మకాయలు తెచ్చింది.

అత్తమ్మ ఒకటి తీసుకుని కత్తితో కోసింది. తెగలేదు.

"ఈసారి నకిలీ సరుకు తెచ్చింది," అంది నాతో, గుసగుసగా. "మొఖం మీద అనకు. మొహమాటానికి తెస్తది పాపం."

గురువారం నుంచి ఆదివారం దాకా ఏం తినాలన్నది మాత్రం తేలలేదు. బ్రెడ్డుతో రెండు వారాలు గడిపాం. మూడో వారం శనివారం నాడు అత్తమ్మకు రోషం వచ్చింది. నాకూ వచ్చింది. బియ్యప్పిండి కలుపుకుని, నూనె సీసా పట్టుకుని, మాంగెరె దగ్గర సముద్రం ఒడ్డు పార్కుకు పోయాం. ఈ దేశంలో పార్కుల్లో ఊరందరికీ కలిపి పొయ్యిలు కట్టించి ఉంటాయి. పెద్ద ఇనప పెనం, మీట నొక్కితే కాలుతుంది. ఎవరైనా వచ్చి మాంసం కాల్చుకోవచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.

ఆ పెనం మీద మా అత్తమ్మ సర్వపిండి తట్టింది. శనగపప్పు, పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి, కరివేపాకు అన్నీ వేసి, పెనం అంత వెడల్పుగా తట్టి, వేలితో చిల్లులు పెట్టి నూనె పోసింది. పక్క సగంలో ఒక కివీ కుటుంబం సాసేజీలు కాల్చుకుంటోంది. ఆ ఇంటాయన ముక్కు ఎగబీల్చి మా వైపు జరిగాడు. నేను అత్తమ్మకు అడ్డంగా నిలబడ్డాను. కివీలకి వాసన పడదు కదా, ఇప్పుడు ఏమంటాడో అని.

"ఏమిటది? బ్రహ్మాండమైన వాసన," అన్నాడు.

అత్తమ్మకు ఇంగ్లీషు రాదు కానీ, ఆకలిగా ఉన్న మొహం ఏ భాషలోనైనా అర్థమవుతుంది. అరచేయంత ముక్క విరిచి ఇచ్చింది. వాళ్ళ పిల్లలు కూడా వచ్చి నిలబడ్డారు. పెనం ఖాళీ అయ్యాక మాకు మిగిలినవి నాలుగు సాసేజీలు.

తిరిగొచ్చేటప్పుడు అత్తమ్మ కారులో అంది, "పార్కులల్ల పొయ్యిలు పెట్టిన్రు. ఇంట్ల పొయ్యి ముట్టియ్యద్దంటున్రు. ఉల్టా దేశం."

"దేశం కాదమ్మా, శేషయ్య అంకుల్ అన్నడు," అన్నాడు వినీత్, తెలియకుండానే నిజం చెప్పేస్తూ.

అసలు చిక్కు ఫిబ్రవరి మధ్యలో వచ్చింది. జగిత్యాల నుంచి అయ్యగారు పంచాంగం చూసి వాట్సాప్‌లో తేదీ చెప్పారు. మామ ఏడాది మాసికం సరిగ్గా ఆదివారం పడింది. ఆక్షన్‌కు ముందు ఆఖరి ఓపెన్ హోం కూడా ఆ ఆదివారమే.

ఇక్కడ వినీత్ గురించి ఒకటి చెప్పాలి. పోయినేడు వాళ్ళ బాపు పోయినప్పుడు సెలవు దొరికి, టికెట్టు దొరికి, మూడు విమానాలు మారి ఇతను ఇల్లు చేరేసరికి దహనమైపోయింది. మూడో నాడు పిట్టకు పెట్టడం కూడా అయిపోయింది. పెదనాన్న కొడుకు పెట్టాడు. కొడుకుండి కూడా తండ్రికి తన చేత్తో ఒక ముద్ద పెట్టలేదని వినీత్ ఎవరితోనూ అనలేదు. నాతో కూడా అనలేదు. కానీ తిరిగొచ్చాక చాలా రోజులు అన్నం ముందు కూర్చుని, కలుపుకుంటూ అలాగే ఉండిపోయేవాడు. ఏడాది మాసికం తన చేత్తో పెట్టాలని అతనికి ఎంత ఉందో నాకు తెలుసు. అత్తమ్మకు ఇంకా బాగా తెలుసు.

మామకు ఇష్టమైనవి రెండే రెండు. తలకాయ కూర, ఎండు చాపల పులుసు. పోయినాయన ఏ బెండకాయో ఇష్టపడి ఉంటే ఈ కథే లేదు.

వినీత్ శేషయ్యగారికి ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టాడు.

"పెద్దల విషయం, కాదనకూడదు బాబూ," అన్నారాయన. "కానీ సీరియస్ బయ్యర్స్ వచ్చేది ఆ రోజే. తిథి ఒకరోజు అటూ ఇటూ అయితే ఏం మునిగిపోద్ది చెప్పు? అసలు మనకి ఇక్కడ టైమే వేరు కదా. ఇండియాలో ఆదివారం అయ్యేసరికి మనకి సోమవారం వచ్చేస్తది. సోమవారం పెట్టేసుకో. లేదంటే గుడికెళ్ళి స్వయంపాకం ఇచ్చేసెయ్. నేను మా నాన్నగారికి అలాగే చేస్తన్నాను."

"అట్ల కాదు అంకుల్, మాకు ఇంట్లనే..."

"రేపు ఎవరన్నా ఫోన్ చేసి అడిగితే నేను మీ గురించి మంచిగా చెప్పాలా వద్దా? ఆలోచించుకో బాబూ."

"సరే అంకుల్," అన్నాడు వినీత్. ఫోన్ పెట్టేసి, వాళ్ళమ్మ మొహం చూడకుండా, "సోమవారం చేద్దామా అమ్మా? నేను లీవు పెడత," అన్నాడు.

ప్లాస్టిక్ నిమ్మకాయకు కూడా ఏదో ఒక మాట అనే మా అత్తమ్మ ఆ రోజు వాదించలేదు. "సరే బిడ్డా. నీకెట్ల వీలైతే అట్లనే," అంది. అని పెరట్లోకి పోయి, తీగ మీద బట్టలన్నీ తీసుకొచ్చి మడతపెట్టింది. అవి ఇంకా ఆరలేదు. తడి బట్టలు మడతపెడుతున్నానని ఆవిడకు తెలియలేదు.

అది చూశాక నాకిక ఆగలేదు. వినీత్‌ను గరాజ్‌లోకి పిలిచాను.

"ఆదివారమే చేస్తున్నం."

"నిరూ, ఇల్లు పోతది."

"ఇల్లు ఎట్లయిన పోతది వినీత్. అమ్ముతున్నరు."

"రిఫరెన్స్..."

"మీ బాపుకు ఒక్కపూట బువ్వ పెట్టడానికి శేషయ్య రిఫరెన్స్ కావాల్నా నీకు?"

బియ్యం బస్తా మీద కూర్చుండిపోయాడు. నేను కదల్లేదు. తాడో పేడో అక్కడే తేలాలని నిలబడ్డాను. ఆఖరికి, "ఎండు చాపలు ఎక్కడ దొరుకుతయి?" అన్నాడు.

హంటర్స్ కార్నర్‌లో ఫిజీ ఇండియన్ల కొట్లో దొరికాయి. తలకాయ హలాల్ షాపులో ముందే చెప్పి పెట్టించాం. అరటాకు పక్కింటి టోంగా దీవుల ఆవిడ తన పెరట్లోంచి కోసిచ్చింది. శనివారం పొద్దున నేనే డెబ్రాకు ఫోన్ చేశాను. రేపు మేము ఇంట్లోనే ఉంటాం, చనిపోయిన మా మామగారికి వంట చేస్తున్నాం, చేపలు కూడా వండుతాం, బయటికి పోము అని ఒక్క గుక్కలో చెప్పేశాను. అద్దె కడుతున్నన్నాళ్ళూ అది మా ఇల్లే, వండుకోవద్దనే హక్కు ఎవరికీ లేదు అని చెప్పడానికి ఇంకో గుక్క సిద్ధంగా పెట్టుకున్నాను.

అది వాడాల్సిన అవసరం రాలేదు. డెబ్రా, "అయ్యో తల్లీ, ముందే చెప్పొచ్చు కదా," అంది. "తలుపు దగ్గర నేను అందరికీ చెబుతాను. మీ పని మీరు చేసుకోండి." దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు. ఇన్ని వారాలు మా పోపుకు అడ్డంపడ్డది మా పూజారేనన్నమాట.

ఆదివారం తెల్లారేసరికి అంజన్న, ఎల్లమ్మ, మామ తమ గూట్లోకి వచ్చేశారు. డెబ్రా పుస్తకాల మీద ఉల్లిగడ్డలు కోసుకున్నాం. కిటికీలన్నీ తెరిచాను. దాచుకోవడానికి కాదు, వీధి వీధంతా తెలియాలని. నూనె కాగి, మెంతులు చిటపటమని, ఎండుమిర్చి వేగి, చాపలు పులుసులో పడ్డాక ఆ వాసన మా గేటు దాటి, బస్టాపు దాటి పోయింది. ఎన్నాళ్ళకో ఆ ఇల్లు మా ఇల్లులా అనిపించింది. నాకు ఏడుపొచ్చింది. ఉల్లిగడ్డల మీదికి నెట్టేశాను.

వినీత్ తలస్నానం చేసి, తడి ధోతితో పెరటి మెట్ల ముందు గడ్డిలో కూర్చున్నాడు. అరటాకులో అన్నం, తలకాయ కూర, ఎండు చాపల పులుసు, ఒక బీరు సీసా పెట్టాడు. మామ కల్లు తాగేవాడు. ఈ దేశంలో ఈత చెట్లు లేవు కాబట్టి బీరుతో సర్దుకోవాలి. ఆకును గోడ దగ్గర పెట్టి వెనక్కి జరిగాడు. ఇక పిట్ట ముట్టాలి. ముడితే పోయినాయన తిన్నట్టు. ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు.

అప్పుడు గుర్తొచ్చింది వినీత్‌కూ నాకూ ఒకేసారి. ఆక్లాండ్‌లో కాకులు లేవు.

"ఒక్కటి కూడ లేదా?" అంది అత్తమ్మ.

"నేనైతే చూడలే అమ్మా," అన్నాడు వినీత్.

గోరింకలు రెండు వచ్చి కంచె మీద వాలాయి. ఆకును చూశాయి, మమ్మల్ని చూశాయి, ఎగిరిపోయాయి. ఇంతలో ఓపెన్ హోం టైమైంది. వాకిట్లో కార్లు ఆగుతున్నాయి. డెబ్రా తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ తగ్గు గొంతుతో ఏదో చెబుతోంది. వచ్చినవాళ్ళు బూట్లు విడిచి, గోడ పక్కన వరసగా పెట్టి, సాక్సులతో చప్పుడు కాకుండా లోపలికి వస్తున్నారు. చూడాల్సిన గదులు చూసి, చివరికి వంటింటి తలుపు దగ్గరకొచ్చి, పెరట్లోకి చూస్తూ నిలబడిపోతున్నారు. ఒకాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

అందరి వెనక నుంచి టకటకమని బూట్ల చప్పుడు వచ్చింది. శేషయ్యగారు.

"ఏంటమ్మా ఇది!" అన్నారు నా దగ్గరకొచ్చి, పళ్ళు బిగబట్టి. "పెద్దవాణ్ణి, చెప్పాను కదా! వీధి చివర్నుంచే గుప్పుమంటంది. ఎండుచేపలా? ఓపెన్ హోంలో ఎండుచేపలా? పరువు తీశారు కదమ్మా!"

"ఎవరి పరువు అంకుల్? వాళ్ళంతా నిలబడి చూస్తున్నరు. ముక్కు మూసుకున్నది మీరొక్కరే."

ఆయన నన్ను వదిలి పెరటి మెట్ల మీదికి పోయారు. "వినీత్! బాబూ, ఏంటిది?"

వినీత్ తలెత్తలేదు. "పిట్ట ముట్టనీయండి అంకుల్. తర్వాత మాట్లాడుదం," అన్నాడు. అంతే. గొంతు కూడా పెంచలేదు. రోజుకు పదిమందికి సారీ చెప్పే మనిషి సారీ చెప్పలేదు.

శేషయ్యగారు ఇంకో మెట్టు దిగబోయారు. అత్తమ్మ లేచి ఎదురుగా నిలబడింది.

"అయ్యా, చెప్పులిడిసి రా. మా ఇంటాయన బువ్వ తింటుండు."

ఆయన కింద చూసుకున్నారు. ఆ ఇంట్లో అప్పుడున్న అందరిలో కాళ్ళకు బూట్లున్నది ఆయనొక్కరికే. కొనడానికి వచ్చినవాళ్ళు ఆయన కాళ్ళ వైపే చూస్తున్నారు. వంగి, లేసులు విప్పుకున్నారు.

అత్తమ్మ ఆకు వైపు తిరిగింది. "ఏమయ్యా, ఎండు చాపలు వండిన. తలకాయ వండిన. ఇంకేం కావాలె నీకు? కొడుకు రాలేదని కోపమా? నీ ముంగటనే ఉన్నడు, చూడు."

వినీత్ రెండు చేతులూ నేల మీద ఆనించాడు. "బాపూ," అన్నాడు. "ఆలస్యమైంది బాపూ. వచ్చిన."

ఎవరూ కదల్లేదు. ఏ పిట్టా రాకపోతే ఈ మనిషిని నేను జీవితాంతం ఎలా ఓదార్చాలో నాకు తెలియలేదు.

ఇంటి కప్పు మీదినుంచి తెల్లగా ఏదో జారింది. సముద్రపు పిట్ట. సీగల్ అంటారు ఇక్కడ, బీచిలో పిల్లల చేతుల్లోంచి చిప్స్ ఎగరేసుకుపోయే గడుసు పిట్ట. సరాసరి ఆకు మధ్యలో దిగి, పులుసు చిందేట్టు తొక్కి, అన్నిటికన్నా పెద్ద ఎండు చాపను ముక్కున కరుచుకుని మాంగెరె వైపు ఎగిరిపోయింది.

"ముట్టిండు!" అని అరిచింది అత్తమ్మ. ఏడుస్తూ నవ్వింది. "చూసిన్రా, చాపే ఎత్తుకపోయిండు! ఈ దేశంల కాకులు తెల్లగుంటయి బిడ్డా!"

ఎవరో చప్పట్లు కొట్టబోయి, తప్పేమోనని మానుకున్నారు. వినీత్ గడ్డిలో తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడాదిగా లోపల పెట్టుకున్నది అంతా అక్కడ పోయింది. నేను వెళ్ళి వీపు మీద చెయ్యి వేశాను.

ఆ సందడిలో వాకిట్లోంచి ఒక ఆవిడ పట్టుచీరతో, ఉత్త కాళ్ళతో లోపలికి వచ్చింది. శేషయ్యగారి భార్య రమామణిగారు. ఆయన కారులో కూర్చోమన్నారట. వాసన కారులోకి వచ్చిందట, కూర్చోలేకపోయిందట.

"ఎండుచేపలు ఎవరమ్మా వండింది?" అంది.

"నేనే. కూసో చెల్లె, పెడత," అంది అత్తమ్మ, ఎవరు ఏమిటని అడక్కుండా. మాసికం రోజు ఇంటికొచ్చినవాళ్ళను తినకుండా పంపడం మా ఇంటావంటా లేదు.

"రమా, లేట్ అవుద్ది, పద," అన్నారు శేషయ్యగారు.

"మీరెళ్ళండి," అంది ఆవిడ, వంటింటి నేల మీద మఠం వేసుకుని. "ఇల్లు కొన్నప్పట్నుంచీ కార్పెట్‌కి వాసన పడుద్దని మాడ్చేశారు నన్ను. అమ్మా, ఆ పులుసు ఇంకాస్త పొయ్యి."

ఆవిడ తింటుంటే చూసి టోపీ ఆయన కూడా కూర్చున్నాడు. డెబ్రా అయితే అడగనే లేదు, ప్లేటు తీసుకుంది. అరగంట ఓపెన్ హోం సాయంత్రం దాకా సాగింది.

బుధవారం ఆక్షన్‌లో ఇల్లు అనుకున్నదానికన్నా ఎక్కువకే పోయింది. వాసనకు ఒక్క డాలరు కూడా తగ్గలేదు. కొన్నది టోపీ ఆయన కాదు. పడగొట్టి నాలుగిళ్ళు కట్టే బిల్డరు కొన్నాడు. మమ్మల్ని ఖాళీ చెయ్యమన్నారు. శేషయ్యగారు రిఫరెన్స్ ఇచ్చారు, తన పద్ధతిలో.

ఆ పద్ధతి ఏమిటో మార్చిలో హెండర్సన్‌లో ఇల్లు చూడ్డానికి పోయినప్పుడు తెలిసింది. ఆ ఇంటి మేనేజరు నీటుగా ఉన్న కుర్రాడు. గదులు చూపించాడు, గరాజ్ చూపించాడు. చివర్లో నవ్వుతూ, "మీ పాత ఓనర్‌తో మాట్లాడాను. మంచివాళ్ళే అన్నారు. వంట మాత్రం కాస్త ఎక్కువగా చేస్తారని చెప్పారు. నిజమేనా?" అన్నాడు.

ఆ ఇల్లు బాగుంది. రైలు స్టేషను దగ్గర, అద్దె మాకు అందేంతలో ఉంది. మూడు వారాలుగా తిరుగుతున్నాం. నేను నోరు తెరిచేలోపే వినీత్ అందుకున్నాడు.

"రోజూ వండుతాం," అన్నాడు. "ఆదివారాలు ఇంకా ఎక్కువ. చేపలు కూడా. మా అమ్మ వండుతుంది."

ఆ కుర్రాడి నవ్వు కొంచెం సన్నబడింది. ఫోన్ చేసి చెబుతానన్నాడు. చెయ్యడని ముగ్గురికీ తెలుసు, ఇంగ్లీషు రాని అత్తమ్మకు కూడా.

కారెక్కాక వెనక సీట్లోంచి అత్తమ్మ అడిగింది. "ఏమన్నడు బిడ్డా, ఇల్లు ఇయ్యనన్నడా?"

"వాడేంది ఇయ్యకపోవుడు," అన్నాడు వినీత్, బెల్టు పెట్టుకుంటూ. "మనమే వద్దన్నం."